వెదకువాని నోటి మాట

కోతమిషను బాడుగకు త్రిప్పువారు, కాలిన మోటార్లకు వైండింగు చేయువారు, డ్రోనుతో మందు కొట్టువారు, కొబ్బరి దింపు ముఠాలను నడపువారు మున్నగు చిన్న పనివారు పలువురు మన డెల్టాలో ఇప్పుడు వెబ్‌సైట్లు పెట్టుకొనుచున్నారు. సంఘములును కొన్ని పెట్టుకొన్నవి. ఇది మంచి పనియే. కాని యీ పుటలను తీరికగా చదివినవారి కొక వింత కనబడును. బొమ్మలు ముచ్చటగా నుండును. మాటలు మాత్రము రైతు నోట నెన్నడును రానివి. ఒక పుట "సమగ్ర వ్యవసాయ యాంత్రీకరణ సేవలు" అనును. వేరొకటి "కస్టమ్ హైరింగ్ సెంటర్" అనును. ఇంకొకటి "సుస్థిర సస్యరక్షణ పరిష్కారములు" అనును. మండపేటలోనో, మార్టేరులోనో, పంట కోతకు వచ్చిన రైతు తన ఫోనులో నీ మాటలు వ్రాయునా? అతడు "వరి కోత మిషన్ అద్దెకు" అని వ్రాయును. లేదా ఫోనును నోటి దగ్గర పట్టుకొని "దగ్గర్లో కోత మిషన్ ఎక్కడుంది, గంటకెంత" అని యడుగును.

అడుగువాని మాట యొకటియు, బదులు చెప్పవలసినవాని మాట వేరొకటియు నయినప్పుడు ఇరువురును ఒకే మండలములో నుండియు నొకరి నొకరు కలిసికొనలేరు. అట్లు కలిసికొనలేని చోటనే దళారి వచ్చి నిలుచును. ఈ వ్యాసము వ్రాయుటకు కారణ మిదియే. వెబ్‌సైటులో నే మాటలు వ్రాయవలె ననునది పట్నములోని కుర్రవాని కప్పగించి యూరకుండదగిన చిన్న సంగతి యని కొందరు తలంచుచున్నారు. నా యభిప్రాయ మది కాదు. పొలములో పనిచేయువాని కూలియు, పొలము గల రైతు ఖర్చును ఈ మాటల మీద నాధారపడి యున్నవి.

పూర్వ మూరిలో నేదైన తెలియజేయవలసి వచ్చినప్పుడు టముకు వేయించెడివారు. టముకు వేయువాడు వీధి మలుపున నిలిచి, అచటివారు వాడు మాటలనే వాడెడివాడు. కాలువ కట్టివేయుదు రని చెప్పవలసి యున్నచో "కాలువ కట్టేస్తారు" అనునే గాని "నీటి సరఫరా నియంత్రింపబడును" అని యరచునా? అరచినచో వినువా రెవరు? వెబ్‌సైటు కూడ నట్టి టముకే. వీధి మాత్రము పెద్దది; వినువాడు మన మొగము చూడడు.

వెదకు యంత్రము పని యెట్లు సాగునో కొంచెము చెప్పవలెను. గూగుల్ ముందుగనే కోట్లకొలది పుటలను చదివి, ఏ పుటలో నే మాట లున్నవో పట్టిక వేసికొని యుండును. ఎవరైన నడిగినప్పుడు ఆ పట్టికను చూచి బదులు చెప్పును. ఊరికి సంబంధించిన పని యయినచో మూడు సంగతులు చూతు మని యా సంస్థవారే ప్రకటించియున్నారు: అడిగినదానికిని పుటలో నున్నదానికిని గల పొందిక యొకటి, అడుగువాని చోటునకును పనివాని చోటునకును గల దూరము రెండవది, ఆ పనివానికి లోకములో గల ప్రసిద్ధి మూడవది. దూరమును మనము మార్చలేము. ప్రసిద్ధి యేండ్లమీద వచ్చును. పొందిక మాత్రము నేటి సాయంకాలమే మన చేతిలో నున్నది. అది మాటల చేత నేర్పడునది. అట్టి మాటలనే యా వృత్తివారు కీవర్డులని యందురు. మనము వెదకుమాటలని యనుకొందము.

గూగుల్ పర్యాయపదములను గుర్తింపదా యని యొకరు ప్రశ్నింపవచ్చును. కొంతవరకు గుర్తించును. కాని యింగ్లీషు మాటలలో దానికి గల నేర్పు మన లంకలలోని మాటలలోను గల దని నమ్మి కూర్చుండుట సాహసము.

మన మాటలు మన వేయని చెప్పుట కొక యుదాహరణము. ఋతువులను పత్రికలవారు ఖరీఫు, రబీ యందురు. తెలంగాణములో వానాకాలము, యాసంగి యందురు. గోదావరి, కృష్ణా కాలువల క్రింద మనము సార్వా, దాళ్వా యందుము. నాట్లు వేయు యంత్రమును బాడుగ కిచ్చు పాలకొల్లు మనిషి తన పుటలో "రబీ వరినాట్లు" అని మాత్రమే వ్రాసికొన్నచో, "దాళ్వా నాట్ల మిషన్" అని యడిగిన పొరుగూరి రైతు కతడు కనబడుట కష్టము. ఆ మాట మన ప్రాంతమును దాటినచో నంతగా వినబడదు గనుక దానికై పోటీపడువారును తక్కువ. దాని నెత్తి పుట తల మీద పెట్టుకొనుట మాని, గొప్పగా నుండునని యెవరి మాటనో తెచ్చి పెట్టుకొనుట యేమి వివేకము?

విత్తనముల విషయమును నిట్టిదే. మార్టేరు పరిశోధన స్థానమువారు విడుదల చేసిన ఎం.టి.యు. 1010 రకమునకు కాటన్ దొర సన్నాలు అను చక్కని పేరు గలదు. అయినను రైతు విత్తన మడుగునప్పుడు "వెయ్యి పది" యనును. విత్తనము అమ్ము సంఘము తన పుటలో నా పేరును, ఆ అంకెను రెంటిని వ్రాయవలెను. ఒకటి సంచి మీద నుండు పేరు, ఒకటి నోటిలో నుండు పేరు.

ఇంతకంటె ముఖ్యమైనది తుపాను నాటి మాట. 2023 డిసెంబరు 5వ తేదీన మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరము దాటినది. 2025 అక్టోబరు 28 అర్ధరాత్రి ప్రాంతమున మొంథా తుపాను నరసాపురమునకు సమీపమున దాటినది. ఇట్టి వానలకు చేను పడిపోయి నీటిలో నుండును. టైర్లు గల యంత్రము బురదలో దిగబడును. పట్టాలపై నడచు యంత్రమే దిగగలదు. దానిని అమ్ము సంస్థలవారు తమ జాబితాలలో "ట్రాక్డ్ కంబైన్ హార్వెస్టర్" అని వ్రాయుదురు. రైతు దానిని చైన్ మిషను అనును. రెండవదానిని టైరు మిషను అనును. మొలక వచ్చులోపల ధాన్యమును గట్టెక్కించుకొనవలసిన రైతు "చైన్ మిషన్ కావాలి" అని ఫోనులో నడుగును. యంత్రము గలవాని పుటలో "చైన్" అను మాటయే లేకున్నచో, పది మైళ్ల దూరములో నున్న యా యంత్రము నాడు పాకలో నూరకుండును. రైతు మాత్రము తమిళనాడు నుండి వచ్చిన యంత్రములను త్రిప్పు దళారి చేతిలో పడి యతడు చెప్పినంత యిచ్చుకొనును. రెండక్షరముల మాట వ్రాయకపోవుటచే నిరువురును నష్టపోయిరి.

మందు కొట్టు పనిని చూడుడు. ప్రభుత్వ పత్రములలో పిచికారీ యని యుండును. చేలో నెవ్వరును "పిచికారీ చేయవలెను" అనరు. "మందు కొట్టాలి" అందురు. 2023 నవంబరులో కేంద్ర మంత్రివర్గము 15,000 స్త్రీ సంఘములకు డ్రోన్లు చేకూర్చు నమో డ్రోన్ దీదీ పథకము నామోదించిన పిదప స్త్రీలును ఈ పనిలో ప్రవేశించుచున్నారు. వారి పుటలలో "డ్రోన్" అను నొంటి మాట యుండిన చాలదు. రాజమండ్రిలో "డ్రోన్" అని వెదకువారిలో పెండ్లి వీడియోలు తీయించుకొనువారే హెచ్చుగా నుందురేమో! "డ్రోన్‌తో వరికి మందు కొట్టుట, ఎకరానికి ఇంత" అని నిండు మాటగా వ్రాసినచో పెండ్లివారు తప్పుకొందురు, పొలమువారు మిగులుదురు. ఇట్లే "మోటారు రిపేరు" అనిన మోటారు సైకిలువారు వత్తురు. "బోరు మోటారు వైండింగ్" అనిన కావలసినవారు వత్తురు. భీమవరము చుట్టుపట్ల రొయ్యల చెరువులవారికి "ఏరియేటర్ మోటారు వైండింగ్" అని ప్రత్యేకముగా వ్రాయుట మంచిది. ఏరియేటరు నిలిచిపోయిన రాత్రి వారికి గడియలే లెక్క. కోనసీమలో కొబ్బరికి దింపు, వలుపు అను మాటలు వాడుకలో నున్నవి. "కొబ్బరి కోత కార్మికులు" అని వ్రాసినవాడు ఆ తోటల నెరుగనివాడని చదువువారికి వెంటనే తెలిసిపోవును.

కొనువాని మాటకును, బాడుగకు తీసికొనువాని మాటకును భేదము గలదు. "కోత మిషన్ ధర" అని వెదకువాడు యంత్రమును కొనదలచినవాడు. "కోత మిషన్ అద్దె" యని గాని, "బాడుగ" యని గాని, "గంటకు ఎంత" యని గాని వెదకువాడు మనవాడు. మాట యెంత పొట్టిదో దానికి పోటీ యంత హెచ్చు; దేశమంతటి వ్యాపారులు దాని మీద పడుదురు. మాట పొడుగై, పనియు, ఊరును, కాలమును అందులో చేరినకొలది అది మన సొంతమగును. వినువారు తగ్గుదురు; కాని తగ్గినవారందరు పని గలవారు.

ఇక లిపి సంగతి. మనవారు మూడు తెరగుల వెదకుదురు. కొందరు తెలుగు లిపిలో వ్రాయుదురు. కొందరు తెలుగు మాటనే యింగ్లీషు అక్షరములతో వ్రాయుదురు. కొందరు సగ మింగ్లీషు, సగము తెలుగుగా వ్రాయుదురు. 2017 ఆగస్టులో గూగుల్ నోటి మాటను గ్రహించు భాషలలో తెలుగును చేర్చినది మొదలు వ్రాయుట రానివారును అడుగగలుగుచున్నారు. నోటితో నడుగునది రెండు మాటలుగా నుండదు. నిండు వాక్యముగా నుండును. కావున పుటలో ప్రశ్న వాక్యములే కొన్ని శీర్షికలుగా నుండుట మేలు. ఇంగ్లీషు పుట యొకటి చాలునని కొందరు, తెలుగు చాలునని కొందరు వాదింతురు. నాకు తెలుగు పుట ముందుండవలె ననియు, దాని ప్రక్క నింగ్లీషు పుట యుండవలె ననియు తోచుచున్నది. హైదరాబాదులోనో అమెరికాలోనో యుండి యిచటి తోటను చూచుకొను యజమాని యింగ్లీషులో వెదకును. కౌలుదారు తెలుగులో నడుగును. పని యిచ్చువా రిద్దరును.

ఊరి పేరు వచ్చుసరికి చిక్కులు హెచ్చును. ఇచట కొంచెము నిలిచి చూడవలెను.

రాజమండ్రి పేరును 2015లో ప్రభుత్వమువారు రాజమహేంద్రవరముగా మార్చిరి. నోటిలో రాజమండ్రి యున్నది. బోర్డు మీద రాజమహేంద్రవర మున్నది. ఇంగ్లీషులో వ్రాయువారు రెండు మూడు విధముల వ్రాయుచున్నారు. ఏది యొప్పు అను వివాదము పండితులకు విడుతము. పనివాడు రెంటిని వ్రాసికొనవలెను. పాలకొల్లును ఇంగ్లీషులో పొడవుగా వ్రాయువారును, పొట్టిగా వ్రాయువారును గలరు. నరసాపురము నట్లే. తాడేపల్లిగూడెమును మనము గూడెము అందుము. కాని గూడెములు లోకమున నెన్ని లేవు?

2022 ఏప్రిల్ 4వ తేదీ నుండి రాష్ట్రములోని 13 జిల్లాలు 26 అయినవి. అంతకుముందు కాకినాడ ముఖ్యపట్టణముగా నున్న తూర్పు గోదావరికి రాజమహేంద్రవరము ముఖ్యపట్టణ మయ్యెను. కాకినాడయు, కోనసీమయు వేరు జిల్లా లయ్యెను. ఏలూరు వేరు పడగా పశ్చిమ గోదావరికి భీమవరము ముఖ్యపట్టణ మయ్యెను. గోదావరికి పడమటి గట్టున నున్న కొవ్వూరు, నిడదవోలు తూర్పు గోదావరిలో చేరినవి! నదిని చూచి దిక్కు నేర్చుకొన్న పెద్దలు నేటికిని కొవ్వూరును పశ్చిమ మనియే యందురు. జిల్లా పేరు మీద నాధారపడి వెదకుమాటలు కట్టుకొన్నవారి పుటలు 2022కు పూర్వపు జిల్లా పేర్లతోనే యుండవచ్చును. జిల్లాలు ప్రభుత్వముల చేతిలోనివి, మరల మారవచ్చును. ఊరు, మండలము, పిన్‌కోడు అంత తరచుగా మారవు. కావున ఊరి పేరే ముందు వ్రాసి, జిల్లా పేరును వెనుక వ్రాయుట క్షేమము.

ఒకే పేరు గల యూళ్లు మరియొక చిక్కు. గన్నవర మనినచో విజయవాడ విమానాశ్రయము గల గన్నవరము ముందు వచ్చును, కోనసీమవారు పి. గన్నవర మని తప్పక వ్రాయవలెను. కొత్తపేటలు హైదరాబాదులో నున్నవి, గుంటూరులో నున్నవి. మన కొత్తపేటవారు రావులపాలెము పేరును గాని, కోనసీమ పేరును గాని ప్రక్కన చేర్చుకొనవలెను. మన కొవ్వూరునకు నెల్లూరు కోవూరును, మన నరసాపురమునకు మెదకు జిల్లా నర్సాపూరును ఇంగ్లీషు అక్షరములలో నంటుకొనుచునే యుండును.

అన్నిటికంటె పెద్ద చిక్కు గోదావరియే. నరసాపురమును, సఖినేటిపల్లియు వసిష్ఠకు ఆ గట్టున నొకటి, ఈ గట్టున నొకటి యున్నవి. పటములో చూచినవానికి రెండును కూతవేటు దూరము. రేవులో పంటు మీద మనుషులును చిన్న బండ్లును దాటుదురు. కోతమిషను వంటి పెద్ద యంత్రమును చించినాడ వంతెన మీదుగా చుట్టు త్రిప్పి తేవలసి వచ్చును. గౌతమి మీద కోటిపల్లికిని ముక్తేశ్వరమునకును నిట్టిదే తంటా. నరసాపురములో నున్న యంత్రము సఖినేటిపల్లి రైతునకు దగ్గరగా నున్నట్లు ఫోను చూపవచ్చును. కాని యది వచ్చుసరికి డీజిలు ఖర్చు రెట్టింపగును. కావున పుటలో "నరసాపురము పరిసరములు" అని గుడ్డిగా వ్రాయక, ఏ గట్టున నే యూళ్లకు వత్తుమో, ఏటి అవతలకు వచ్చినచో నెంత హెచ్చగునో పేరుపేరున వ్రాయవలెను. అట్లు వ్రాసిన వాక్యములోనే రెండు గట్ల యూళ్ల పేర్లును సహజముగా చేరును. నిజము వ్రాసినచో వెదకుమాట దానంతట నదియే వచ్చు ననుట కిది మంచి నిదర్శనము.

గూగుల్‌వారు దుకాణముల కిచ్చు ఉచితపు పుట యొకటి గలదు. దానిని 2021 నవంబరు నుండి బిజినెస్ ప్రొఫైల్ అనుచున్నారు. ఇంటింటికి పోయి పనిచేయువారు అందులో తాము పోవు ప్రాంతములను 20 వరకు చేర్చుకొనవచ్చును. ఊరి పేరుతో గాని, పిన్‌కోడుతో గాని చేర్చవచ్చును. దుకాణము లేనివారు ఇంటి చిరునామాను కనబడకుండ చేసికొనవచ్చును. వెబ్‌సైటునకు సొమ్ము లేనివారు దీనితోనే మొదలిడవచ్చును.

ఇచట నొక దురాశ పుట్టును. ఇరువది యేల, రెండు వందల యూళ్ల పేర్లు పుట అడుగున వరుసగా గ్రుచ్చినచో నన్ని యూళ్లవారును వత్తురు గదా యని. ఈ యుపాయమును అమ్ముచు తిరుగువా రున్నారు. గూగుల్‌వారు తమ నియమములలో దీనినే పేరు పెట్టి తప్పనిరి. పేర్ల గుట్టలు పోసిన పుట పైకి వచ్చుటకు మారుగా క్రిందికి పోవును. ఊరి పేరు మాత్రము మార్చి ఒకే పుటను నూరు ప్రతులు వేయుటయు నిట్టి తప్పే. బిజినెస్ ప్రొఫైలులో దుకాణము పేరునకు "బెస్ట్, చీప్, నియర్ మి, రాజమండ్రి నంబర్ వన్" అను తోకలు తగిలించుట నియమ విరుద్ధము. ఆ పుటనే యాపివేయవచ్చును. ఇక పుట వెనుక కనబడకుండ కీవర్డుల పట్టీ యొకటి చేర్చెద మని సొమ్ము పుచ్చుకొనువారును గలరు. ఆ పట్టీని తాము స్థానము నిర్ణయించుటలో లెక్కకు తీసికొన మని గూగుల్‌వారు 2009 సెప్టెంబరులోనే ప్రకటించిరి. మొదటి స్థానము ఖాయమని మాట యిచ్చువానిని నమ్మరాదు; ఎవ్వరును అట్టి హామీ ఇయ్యజాల రని యా సంస్థయే వ్రాసియున్నది.

మరి మాటల నెట్లు పోగుచేయవలెను? పట్నమున కేగి యెవరినో యడుగ నక్కరలేదు. పనివాని ఫోనుకు వచ్చు పిలుపులే గని. ఒక కోతకాలము పొడవున నొక చిన్న పుస్తకములో నాలుగు గడులు గీచి, పిలిచిన దినమును, పిలిచినవాని యూరును, అతడు నోరు తెరచి పలికిన మొదటి వాక్యమును ఉన్నది ఉన్నట్లుగను, పని కుదిరినదో లేదో యను సంగతిని వ్రాయవలెను. మూడవ గడిలో మన మాట చేరరాదు. అతడు "మిషనీ" యనిన "మిషనీ" యనియే వ్రాయవలెను. సీజను ముగిసినపిదప చూచినచో నాలుగైదు వాక్యములే మరల మరల వచ్చియుండుట కనబడును. "చేలో నీళ్లున్నాయి, చైన్ మిషన్ దొరుకుతుందా" అని పలువు రడిగియున్నచో, పుటలో "నీళ్లున్న చేనుకు చైన్ మిషన్" అను శీర్షిక వ్రాయుడు. దాని క్రింద ఏ యూళ్లకు వత్తురో, ఎన్ని దినముల ముందు చెప్పవలెనో, లెక్క గంటకో ఎకరమునకో, డీజి లెవరిదో, డ్రైవరు బత్తా యెవరిదో, గడ్డి చుట్టలు చుట్టు మిషను కూడ గలదో లేదో వ్రాయుడు. రైతు రెండవ మాటగా నడుగునవి యివియే గదా.

పుస్తకము తరువాత గూగుల్ పెట్టెలోనే నాలుగక్షరములు వ్రాసి యూరకుండుడు. ఇతరు లడిగిన మాటలను అది తానే సూచించును. పుట పెట్టిన తరువాత సెర్చ్ కన్సోల్ అను నుచిత సాధనము ఏ మాటలు వెదకినవారికి మన పుట కనబడినదో చూపును. ప్రకటనలవారి కీవర్డ్ ప్లానర్ కూడ గలదు. కాని మన మండలముల కది యంకెలు చూపకపోవచ్చును, లేక చాల చిన్న యంకెను చూపవచ్చును. చూచి నిరుత్సాహపడి యా మాటను వదలరాదు. నెలకు ఇరువదిమంది యడిగెడి మాట పట్నపు వ్యాపారి కెందుకును కొరగాదు. రెండు యంత్రములు గలవానికి ఇరువది పిలుపు లనగా సీజనంతయు పని.

"మా యూరిలో మమ్మెరుగనివా రెవ్వరు? మాకీ బాధ యేల?" అను వాదము తరచు వినబడును. ఇది నిజమే, మామూలు దినములలో. తుపాను దినములలో ఊరి యంత్రమునకు నలుబదిమంది యెదురుచూచుచుందురు; నలుబదియొకటవ రైతు పొరుగు మండలములో వెదకవలసినవాడే. కౌలుదారులు మారుచున్నారు, యజమానులు పట్నములలో నున్నారు, తండ్రి యెరిగిన మెకానికును కొడుకు ఎరుగడు.

ఇప్పుడు దళారి సంగతి. "కోత మిషన్ రావులపాలెం" అని వెదకినప్పుడు యంత్రము గలవాని పుట లేకున్నచో, ఏ యూరికిని చెందని జాబితా పుట యొకటి పైకి వచ్చును. ఆ పుటవానికి యంత్రము లేదు, పొలము లేదు. మన మాటలు మాత్రము మనకంటె ముందుగా వ్రాసికొన్నాడు. రైతు ఫోను నంబరును పుచ్చుకొని, దానిని నలుగురు పనివారికి అమ్ముకొనును. కొన్నవాడు ఆ సొమ్మును గంట లెక్కలో కలిపి రైతు మీదనే వేయును. వడ్డీ వ్యాపారి చేతినుండి రైతును తప్పించుటకు 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చినది. ఆ నాటి మధ్యవర్తి తనఖా కాగితము పట్టుకొని కూర్చున్నాడు. ఈ నాటివాడు మన మాటలను పట్టుకొని కూర్చున్నాడు. తీసికొనునది మాత్రము మనవద్దనే.

కావున నీ పనిని ఒక్కొక్క పనివానికి విడువక సంఘములు పైన వేసికొనవలె నని నా సూచన. 2022 జూన్ 29న కేంద్ర మంత్రివర్గము 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను కంప్యూటరీకరించుటకు 2,516 కోట్ల రూపాయల పథకము నామోదించినది. పద్దులు వ్రాయుటకు వచ్చిన కంప్యూటరు మీదనే సంఘపు పుట యొకటి నడపవచ్చును. సభ్యులలో నెవరికి చైన్ మిషను గలదు, ఎవరికి టైరు మిషను గలదు, ఎవరు వైండింగు చేయుదురు, ఎవరు దింపు ముఠాను పంపుదురు అనునది వారి సమ్మతితో నందులో వ్రాయవలెను. రైతు పిలుపు నేరుగా పనివానికే పోవలెను. సంఘము నడుమ కమీషను తీయరాదు. పనివా రందరి పుస్తకములలోని మూడవ గడిని గుమాస్తా యొకచోట చేర్చినచో మన డెల్టాకు వెదకుమాటల పట్టిక యొకటి తయారగును. ఒంటరివాడు ఏటికి వంద వాక్యములు పోగుచేయును; ముప్పదిమంది కలిసినచో మూడువేలు. ఇట్టి పట్టిక ఏ పట్నపు సంస్థకును దొరకదు, ఏలయన నట్టి పిలుపులు దానికి రావు.

దీని కొక యభ్యంతరము గలదు, అది బలమైనదే. సంఘపు పుటలో నెవరి పేరు ముందుండవలెను? అధ్యక్షుని బావమరిది యంత్రమే ఎప్పుడును పైన నుండినచో పుట పుట్టిన యేడాదికే చచ్చును. దీనికి మందు లేకపోలేదు. పేర్లను ఊరి వరుసను బట్టి వ్రాసి, ఒకే యూరివారిని వారము వారము పైక్రిందులు మార్చవలెను. పోలేని యూరి పేరును వ్రాయించుకొన్నవానిని, వత్తునని రానివానిని, మహాజనసభకు తెలిపి తొలగించవలెను. ఈ పేచీలను సంఘములు ఎరువుల పంపకములో నేర్చుకొనియే యున్నవి.

కాల మొకటి గమనింపవలెను. పుట వ్రాసిన మరునాడే గూగుల్‌లో కనబడదు. దాని దృష్టికి వచ్చి స్థిరపడుటకు కొన్ని దినములు పట్టవచ్చును, కొన్ని వారములును పట్టవచ్చును. బిజినెస్ ప్రొఫైలు నిజమైనదో కాదో యని విచారించుటకును వ్యవధి పట్టును. దాళ్వా కోత లేప్రిల్‌లో నందుకొనును. సంక్రాంతి వెళ్లిన వారములో, నాట్లు ముగియుచు మిషనువారు కొంత తీరికగా నున్నప్పుడు, గుమాస్తా సార్వా నాటి పిలుపులను వారినుండి యడిగి వ్రాసికొని, ఫిబ్రవరి నెలాఖరులోగా పుట నెక్కించినచో ఆ కోతలకు అక్కర వచ్చును. ధరలు మాత్రము ప్రతి కోతకు ముందు తిరుగ వ్రాయవలెను. నిరుటి ధర చూచి పిలిచిన రైతుతో తగవు తప్పదు.